ఎనిమిదో నెల పడకముందే

పొద్దున నేను అంగన్‌వాడీకి పోయేటప్పుడు మా ఇంటి దండెం మీద చెల్లెలి లంగా ఒకటి ఆరేసి ఉంది. మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి మూడయ్యాయి. మూడూ నీళ్ళోడుతున్నాయి. చూశాను. చూసి కూడా లోపలికి పోయి, కంచంలో అన్నం పెట్టుకుని రెండు ముద్దలు తిన్నాను. మూడో ముద్ద దగ్గర నా బుర్ర వెలిగింది. పన్నెండేళ్ళుగా ఊళ్ళో గర్భిణులకు బొమ్మల పుస్తకం తిప్పి చూపిస్తూ "ఉమ్మనీరు పోతే ఒక్క గంట కూడా ఇంట్లో ఉండొద్దు" అని పాఠం చెప్పే టీచరమ్మకు సొంత ఇంటి దండెం చదవడానికి అంతసేపు పట్టింది.

చెల్లెలు లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి ఏడో నెల రాగానే తెచ్చుకున్నాం దాన్ని. దాని మొగుడు దుబాయ్‌లో ఉన్నాడు. ఒంటి కింద పాత చీర నాలుగు మడతలు వేసుకుంది. అదీ తడిసిపోయింది.

"ఎప్పటి సంది?" అన్నాను.

"నిన్న పొద్దుగూకంగ సంది అక్కా. ఉచ్చ అనుకున్న. ఆగుతలేదు."

"అవ్వకు చెప్పినవా?"

"చెప్పిన. పిల్ల బరువుకు కారుతది, ఏం గాదన్నది."

అవ్వ అంటే మా అమ్మ. వాకిట్లో ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మా బోధన్ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకున్నాక ఇల్లు కాలుతున్నా చేతిలో ఉన్న ఆకు చుట్టేసే లేస్తారు.

నేను చెల్లెలిని ఓదార్చలేదు. తిట్టాను. "డిగ్రీ సదివినవ్ గదనే! ఉచ్చకు, ఉమ్మనీళ్ళకు తేడా ఎరుక లేదా? సిగ్గుపడి పిల్లను సంపుకుంటవా?" అన్నాను. అది ఏడ్చింది. వెక్కిళ్ళు పెట్టినప్పుడల్లా ఇంకొంచెం నీరు పోయింది. అది కళ్ళారా చూస్తూ కూడా నా నోరు మూతపడలేదు.

ఆటో మాట్లాడి ముగ్గురం నిజామాబాద్ బయలుదేరాం. మూతబడిన చక్కెర ఫ్యాక్టరీ గోడ పక్కనుంచి, చెరుకు పోయి వరి వచ్చిన పొలాల మధ్యనుంచి. ప్రతి గుంత దగ్గరా చెల్లెలు రెండు చేతులతో కడుపు కింద పట్టుకునేది, చేతులతో ఆపితే ఆగేదైనట్టు. అవ్వ బీడీలు చుట్టే తునికాకుల కట్టను కూడా వెంట తెచ్చుకుంది. సాయంత్రానికి తిరిగొస్తామని దాని లెక్క.

పెద్ద దవాఖానలో చూసిన డాక్టరమ్మ నాకన్నా చిన్నది. మాటలో తొందర లేదు. వేళ్ళు పెట్టి పరీక్ష చేయలేదు; శుభ్రమైన పరికరం పెట్టి, లైటు వేసి చూసింది, దగ్గమంది, నీరు రావడం చూసింది. తర్వాత మంచం తలాపున ఒక కాగితం అంటించింది: లోపల పరీక్ష చేయరాదు. వేలు పెట్టినకొద్దీ పురుగు లోపలికి పోతుందట.

"ఇరవై తొమ్మిది వారాలు," అంది మాతో. "ఉమ్మసంచి ముందే చిరిగింది. కానీ నొప్పుల్లేవు, జ్వరం లేదు, పిల్ల గుండె మంచిగ కొట్టుకుంటున్నది. అందుకని ఇప్పుడే తియ్యం. ఊపిరితిత్తులు గట్టిపడేతందుకు నాలుగు ఇంజెక్షన్లు ఇస్తం, పన్నెండు గంటలకొకటి. పురుగు పట్టకుండ గోలీలిస్తం. ఎన్ని రోజులు ఆగితే అన్ని రోజులు ఆపుతం. ముప్పై నాలుగు వారాల దాకా పోతే చాలు."

"నెలలల్ల జెప్పు బిడ్డా," అంది అవ్వ.

"ఎనిమిదో నెల ఆఖరు దాకా అమ్మా."

అవ్వ ముఖంలో రక్తం చుక్క లేకుండా పోయింది.

ఎందుకో నాకు తెలుసు. ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ బతకదు. మా వైపు ఏ ముసలమ్మనడిగినా ఈ మాటే చెబుతుంది. ఎందుకని అడిగితే "గంతే" అంటుంది. అంగన్‌వాడీలో ఇది తప్పుడు నమ్మకమని, లోపల ఎన్ని రోజులుంటే బిడ్డకు అంత బలమని నేనే ఎన్నోసార్లు చెప్పాను. విన్నవాళ్ళు తలలూపి, గుడ్లు తీసుకుని, ఇంటికి పోయి ముసలమ్మల మాటే విన్నారు. అవ్వకైతే ఇది ఒట్టి నమ్మకం కూడా కాదు. నాకూ చెల్లెలికీ మధ్య ఒక కొడుకును కన్నది అది, ఎనిమిదో నెలలో, ఇంట్లోనే. ఒకటిన్నర రోజు బతికాడు. ఆ ఒకటిన్నర రోజూ వాడు పాలు పట్టలేదు. మంత్రసాని చేతులు కడుక్కుంటూ, "ఇంకో నెల ముంగట పుట్టినా దక్కుతుండె" అందట. ఆ మాటను అవ్వ ముప్పై ఏళ్ళుగా మోస్తోంది. నేను బొమ్మల పుస్తకం చూపిస్తే వదిలే మాట కాదది.

వార్డులో ఐదు రోజులు గడిచాయి. సిస్టర్ నాలుగు గంటలకొకసారి వచ్చి జ్వరం చూసేది, నాడి చూసేది, పిల్ల గుండె వినేది. చెల్లెలు వాడిన ప్యాడ్లు పారేయకుండా దాచి చూపించాలి, రంగు మారిందా, వాసన వస్తోందా అని. చెల్లెలు సిగ్గుతో చచ్చిపోయేది. "ఇంట్ల దాసినందుకే ఇక్కడికొచ్చినవ్, ఇప్పుడు సూపియ్యి" అనేదాన్ని నేను. బాత్రూముకు తప్ప మంచం దిగొద్దన్నారు. అది గోడకున్న క్యాలెండర్‌లో రోజుకొక గీత పెట్టేది, గీత పెట్టాక కడుపు మీద చెయ్యి వేసి "ఇంకొక్క రోజు కూసో బిడ్డా" అనేది. కూర్చో అనేది, ఇంటికొచ్చిన చుట్టాన్ని అన్నట్టు.

మూడో రోజు డాక్టరమ్మ రౌండ్స్‌లో నన్ను పక్కకు పిలిచింది, అంగన్‌వాడీ టీచర్నని తెలిసి. "మీకు తెలిస్తే నలుగురికి చెప్తరు," అని అన్నీ వివరించింది. నాలుగింటిని కనిపెట్టుకుని ఉండాలట. తల్లికి జ్వరం, నీటికి కంపు, పొట్ట నొక్కితే నొప్పి, గుండె పరుగు, తల్లిదైనా పిల్లదైనా. ఇవి మొదలైతే లోపల విషం తయారవుతున్నట్టే, ఇక ఆగకూడదు, వెంటనే తీయాలి. ఇవి లేనంతకాలం తొందరపడకూడదు. "కడుపు కంటే మంచి పెట్టె మా దగ్గర లేదు," అంది. నేను అదంతా నా చిన్న నోటుపుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను. అది ఎందుకు పనికొచ్చిందో చెబుతాను.

ఐదో రోజు అవ్వ మంచం పక్కన నేల మీద కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఎల్లుండి అమావాస్య. అమావాస్య దాటితే ఎనిమిదో నెల.

"ఇగ సాలు," అంది. "ఇన్ని దినాలు నీళ్ళు పోయినంక లోపల ఏమున్నది? బోధన్ల ప్రైవేటుకు తీస్కపోదాం. ఇయ్యాలనో రేపో తీపిద్దాం. ఏడో నెల ఎల్లకముందే బయట పడాలె."

"అవ్వా, డాక్టరమ్మ చెప్పింది ఇనలేదా?"

"ఇన్న. నట్టనడి ఎనిమిదో నెలల తీస్తదట! నా కొడుకును మింగిన నెల అది. అల్లునికి ఏం జవాబు జెప్పాలె నేను?"

"ఆ పిలగాడు ఎనిమిదో నెలని సావలే. ఇంట్ల కన్నందుకు సచ్చిండు. ఇంజెక్షన్ లేక సచ్చిండు."

ముప్పై ఏళ్ళ పుండు మీద కారం చల్లాను. కావాలనే చల్లాను. అవ్వ లేచి నిలబడింది. ఎనిమిది మంచాల వార్డు మొత్తానికీ వినబడేలా అంది:

"ఒక్కనాడన్న కడుపు మోసినవా నువ్వు? గొడ్డుదానివి, నీకేం ఎరుకనే కాన్పు ముచ్చట?"

నాకు పిల్లల్లేరు. అందుకే అత్తగారింటి నుంచి తిరిగొచ్చి అవ్వ దగ్గర ఉంటున్నాను. వార్డులో అప్పటిదాకా గలగల మాట్లాడుతున్నవాళ్ళు టిఫిన్ డబ్బాల్లోకి చూసుకున్నారు. పక్క మంచం ఆమె తన పసిబిడ్డను కొంగుతో కప్పుకుంది.

చిన్న కోపం వస్తే నేను అరుస్తాను. పెద్ద కోపం వస్తే ఒప్పుకుంటాను. "సరే, పోదాం," అన్నాను. అంటూ లోపల ఒక మాట అనుకున్నాను, రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు. ఆ పిల్ల చావనీ, అప్పుడు ముసలిదానికి బుద్ధి వస్తుంది అనుకున్నాను.

చెల్లెలు మెల్లగా అంది. "అక్కా, ఉండమన్నది గద డాక్టరమ్మ. నాకేం నొప్పి లేదు. ఉంటనే."

"మీ అవ్వనడుగు," అన్నాను. నాకు కూడా అవ్వే అన్న సంగతి ఆ నిమిషానికి పక్కన పెట్టాను.

మా ఇష్టంతోనే తీసుకుపోతున్నాం, ఏం జరిగినా మాదే బాధ్యత అని కాగితం రాసివ్వాలన్నారు. అవ్వకు రాయడం రాదు. చెల్లెలు కాగితం ముట్టుకోలేదు. నేను రాశాను. డాక్టరమ్మ బల్ల అవతల నిలబడి నా చేతినే చూసింది.

"మీరు అంగన్‌వాడీ టీచర్ కదా?"

"అవును మేడం."

"మీరే రాస్తున్నరా?"

"అవును మేడం."

ఆమె అప్పటిదాకా చేసిన వైద్యమంతా ఒక కాగితం మీద రాసిచ్చి, దారిలో జ్వరం వచ్చినా నొప్పులొచ్చినా ఎక్కడా ఆగకుండా వెనక్కి రమ్మంది.

బోధన్‌లో మేము పోయింది ఒక చిన్న ప్రైవేటు దవాఖాన. అక్కడి డాక్టరు పెద్దాయన. ప్రైవేటు కదా, కత్తి పట్టుకుని సిద్ధంగా ఉంటాడనుకున్నాను. కాదు. కాగితం మొత్తం చదివాడు, అద్దాలు తీశాడు.

"అంతా మంచిగనే ఉన్నది గదా. ఎందుకు తీసుకొచ్చిండ్రు?"

"ఎల్లుండి ఎనిమిదో నెల పడుతది సారూ," అంది అవ్వ.

"ఆ ముచ్చట పక్కన పెట్టమ్మా. ఇప్పుడు తీసే అవసరం లేదు. ఆటో ఉన్నది గద, వెనక్కి తీస్కపోండ్రి."

అవ్వ నావైపు చూసింది. కొన్ని గంటల కిందట గొడ్డుదానివన్న నోరు ఇప్పుడు మూసుకుని, కళ్ళతో బతిమాలుతోంది. నేను ఆ క్షణంలో చెల్లెలిని లేపి ఆటోలో కూర్చోబెడితే సరిపోయేది. ఆటో గేటు దగ్గరే ఉంది. కానీ వెనక్కి పోతే మళ్ళీ ఆ వార్డులోకే పోవాలి. ఆ మాట విన్న ఎనిమిది మంచాల మధ్యనుంచి నడవాలి. ఆ డాక్టరమ్మ ముందు నిలబడి నా రాత నేనే తప్పని చెప్పాలి. పరువు అనేది నాకు అంత ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

నోటుపుస్తకం తీయాల్సిన పని కూడా లేకపోయింది. అంతా నోటికి వచ్చు.

"పొద్దున చలిపెట్టి జ్వరం వచ్చింది సార్. గోలీ ఏసినం, తగ్గింది. నీళ్ళు కంపు కొడుతున్నయ్. పొట్ట ముట్టుకుంటే నొప్పంటున్నది."

డాక్టరు ముఖం మారిపోయింది. చెల్లెలి చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. భయానికి అది పరుగెత్తుతోంది. నాలుగో గుర్తు దేవుడే ఇచ్చాడు.

"ప్యాడ్ ఏది?"

"ఇప్పుడే పారేసినం సార్."

ఆయన చెల్లెలివైపు వంగాడు. "నిజమేనామ్మా? జ్వరం వచ్చిందా?"

చెల్లెలు నన్ను చూసింది. అవ్వను చూసింది. మళ్ళీ నన్ను చూసింది. చిన్నప్పుడు బడిలో లెక్క రాకపోతే నావైపు ఇట్లాగే చూసేది, నేను పెదవులతో జవాబు చెప్పేదాన్ని. నేను కనురెప్ప కొట్టలేదు. అది తలూపింది.

పొద్దు వాలకముందే ఆపరేషన్ అయిపోయింది. ఆడపిల్ల. ఏడుపు వినబడలేదు. తలుపు అవతల ఏదో గీరినట్టు చప్పుడైంది, అదే ఏడుపట. కిలో మీద పావు. అంగన్‌వాడీలో నేను ఇన్ని వందల మంది పిల్లల్ని తూచాను, ముల్లు అంత కింద ఆగడం ఎప్పుడూ చూడలేదు. ప్రతి ఊపిరికీ పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. ఇక్కడ ఉంచలేమని, ఊపిరికి గొట్టం పెట్టి, అద్దాల పెట్టెలో ఉంచి, అంబులెన్స్ పిలిచి తల్లితో సహా పంపారు. ఎక్కడికి? నిజామాబాద్ పెద్ద దవాఖానకే. బిడ్డల వార్డు కాన్పుల వార్డుకు సరిగ్గా పైన ఉంటుంది.

మెట్ల మీద డాక్టరమ్మ ఎదురైంది. నా చేతిలోని కాగితాలు చూసింది, గొట్టంతో పైకి పోతున్న పెట్టెను చూసింది.

"వచ్చేసిందా?" అంది.

ఆ ఒక్క మాటే. పక్కకు తప్పుకుని పెట్టెకు దారిచ్చింది. చెంపమీద కొట్టి ఉంటే ఆమెను ఈపాటికి మరిచిపోయేదాన్ని.

అవ్వ మాత్రం వరండాలో కొంగు పరుచుకుని, "ఏడో నెలల్నే బయట పడ్డది, ఇగ దానికేం గాదు" అని నిశ్చింతగా నిద్రపోయింది. నలభై ఆరు రోజులు పిల్ల అద్దాల పెట్టెలో ఉంది. రెండుసార్లు నీలంగా మారింది. ఒకసారి రక్తం ఎక్కించారు. చెల్లెలు కుట్ల నొప్పితో గోడ పట్టుకుని పైకి వచ్చి, పిండిన పాలు చిన్న గిన్నెలో ఇచ్చి పోయేది. ఆఖరికి పిల్ల బతికింది, అవ్వ గెలిచింది. మా అవ్వ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, ఇప్పుడా కుందేలును ఊరంతా వచ్చి చూసి పోయింది కూడా.

ఇంటికి పంపేటప్పుడు ఒక చీటీ ఇచ్చారు. కళ్ళ పరీక్షకు వెంటనే హైదరాబాద్ తీసుకుపోవాలి, నెలలు తక్కువ పిల్లలకు కంటి వెనక తెర పాడవుతుంది, ఆలస్యం చేయొద్దని. "పిట్టంత పిల్లను బస్సుల ఏస్తరా? గాలి సోకదా?" అంది అవ్వ. కొన్నాళ్ళు ఆగుదామనుకున్నాం. చీటీ ఎవరి సంచిలో ఉందో కూడా చెప్పాలి కదా. నా సంచిలోనే ఉంది, పిల్లల బరువుల రిజిస్టర్లో, పేజీ మడత పడకుండా.

తెచ్చిన రెండో నెలలో నేను పిల్ల ముఖం ముందు ఎర్ర గిలక్కాయ ఊపాను. అంగన్‌వాడీలో అందరు పిల్లలకూ చేసే పరీక్షే. చప్పుడు చేస్తే తల తిప్పింది. చప్పుడు లేకుండా ఊపితే ఎటో చూస్తూ ఉంది. అప్పుడు ఉరికాం హైదరాబాద్. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు. అక్కడి కళ్ళ డాక్టరు రెండు కళ్ళలోనూ తెర ఊడిపోయిందన్నాడు. ఎన్ని వారాలకు పుట్టిందని అడిగాడు. చెప్పాను. "ఇంకొన్ని వారాలు లోపల ఉంటే ఇంతదూరం వచ్చేది కాదేమో," అన్నాడు. ఆ 'ఏమో'ను పట్టుకునే నేను ఈ నాలుగేళ్ళూ అన్నం తిన్నాను.

ఊరికి ఒక కారణం కావాలి. అవ్వ వెతికి తెచ్చింది. చెల్లెలు మూడో నెల కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పట్టింది, ఆ పూట అది అత్తగారింట్లో కత్తిపీట ముందు కూర్చుని సొరకాయ తరిగింది. అందుకే పిల్లకు కళ్ళు పోయాయి. ఇంత తేలికగా తేలిపోయింది. చెల్లెలి అత్త ఆ మాట పట్టుకుని దాన్ని మళ్ళీ ఇంటికి పిలవలేదు. మొగుడు మొదట వారానికొకసారి, తర్వాత నెలకొకసారి ఫోన్ చేశాడు, ఇప్పుడు పండుగలకు చేస్తున్నాడు. చెల్లెలు కూడా చాట ఒళ్ళో పెట్టుకుని అవ్వ పక్కన కూర్చుంది. నేను నోరు విప్పితే ఆ సొరకాయ నింద పోయేది. విప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు కదా. నా కాళ్ళు తడవకుండా చూసుకున్నాను.

చెల్లెలు ఒక్కసారి కూడా అడగలేదు. తిట్టలేదు. ఎప్పుడైనా తిడుతుందేమోనని నేను దాని ముఖం చూసేదాన్ని. అది బీడీకి దారం కట్టుకుంటూ ఉండేది.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున పక్క ఊరి వైపునుంచి ఒక ఆటో వచ్చి మా వాకిట్లో ఆగింది. ఒక పెద్దామె దిగింది, వెనక ఆమె కోడలు కడుపు పట్టుకుని ఏడుస్తూ మెల్లగా దిగింది. మా ఊళ్ళో వాళ్ళ చుట్టాలున్నారట. ఏడో నెల పిల్లను బతికించుకున్న ఇల్లు ఇదేనని, పిల్ల కళ్ళ సంగతి ఎత్తకుండా, వాళ్ళు చెబితే సలహా కోసం వచ్చారు. కోడలికి తెల్లవారుజాము నుంచి నీరు పోతోంది. ఏడో నెల ఆఖరు. కోడలు మా గడప మీద కూర్చుంది, లేచి పక్కకు జరిగితే గడప తడిగా ఉంది.

అవ్వ చాట పక్కన పెట్టింది. అది చాట పక్కన పెట్టడం నేను అరుదుగా చూశాను.

"పెద్ద దవాఖానకు పోతే పండవెట్టి ఎనిమిదో నెలల పడేస్తరు," అంది. "నా మాటిను. ఇయ్యాల్నే యాడన్న తీపియ్యి. ఏడో నెల పిల్ల రాయి లెక్క ఉంటది. మా మనుమరాలిని సూడు."

పిల్ల వాకిట్లో మంచం కోడు పట్టుకుని నిలబడి ఉంది. నాలుగేళ్ళది. తలకు నూనె రాసి, కళ్ళకు ఇంతింత మందాన కాటుక పెట్టింది అవ్వ. ఎప్పుడూ అట్లాగే పెడుతుంది. వచ్చినామె మురిసిపోయి, "అచ్చం బొమ్మ లెక్కున్నది, దిష్టి తాకుతది" అంది. కోడలు కూడా ఏడుపు ఆపి పిల్లవైపు చూసి నవ్వింది. పిల్ల తిరిగి నవ్వలేదు. ఎవరికీ అనుమానం రాలేదు.

నాకు కోపం వచ్చింది. చిన్నదో పెద్దదో నాకే తెలియలేదు. లేచి పోయి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. దాని గడ్డం పట్టి ముఖం ఆ కోడలివైపు తిప్పాను, సంతలో మేకపిల్లను చూపించినట్టు. చెయ్యి తీసి దాని కళ్ళ ముందు ఇటూ అటూ ఆడించాను. కాటుక కళ్ళు కదల్లేదు.

"సూడు," అన్నాను కోడలితో. "మంచిగ సూడు. ఏడో నెల పిల్ల."

కోడలు రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది.

"అది గ్రహణం తోటి అయింది!" అని అరిచింది అవ్వ. "దానికి దీనికి ఏం సంబంధమే? దీని తల్లి సొరకాయ కోసింది!"

అప్పుడు చెల్లెలు మాట్లాడింది. చేతిలో సగం చుట్టిన బీడీ అట్లాగే ఉంది.

"గ్రహణం గాదు," అంది. "అక్కా, జ్వరం సంగతి జెప్పు."

నేను దానివైపు చూశాను.

"జెప్పు అక్కా. నేను తలూపిన సంగతి గూడ జెప్పు."

చెప్పాను. వాకిట్లో, అవ్వ ముందు, ముక్కూ ముఖం తెలియని ఇద్దరు ఆడవాళ్ళ ముందు. రాని జ్వరం వచ్చిందని చెప్పానని, లేని కంపు ఉందని చెప్పానని, ఆగమన్న ఇద్దరు డాక్టర్లలో ఒకరి మాట కాదని రాసిచ్చి, ఇంకొకరిని మోసం చేశానని. గొడ్డుదానివన్నందుకు ఆ పని చేశానని కూడా చెప్పాను. ఆ మాట దగ్గర అవ్వ నేల మీద కూలబడింది. దాన్ని లేపడానికి చెల్లెలూ పోలేదు, నేనూ పోలేదు. వచ్చినామె కోడలి రెక్క పట్టి లేపింది. చాయ్ పెట్టమంటారా అని కూడా మేము అడగలేదు. "పెద్ద దవాఖానకే పోనియ్యి," అన్నాను ఆటో అతనితో. ఆటో నిజామాబాద్ రోడ్డు వైపే తిరిగింది. ఆ తర్వాత ఏమైందో నాకు కబురు రాలేదు.

చెల్లెలు సగం బీడీని పూర్తిగా చుట్టి, దారం కట్టి, చాటలో వేసింది. పిల్ల ఇంకా మంచం కోడు పట్టుకునే ఉంది.

"పెద్దమ్మా," అంది. "నా మొకం ముంగట గాలెందుకు ఊపినవ్?"

"ఈగ వాలింది బిడ్డా. తోలిన," అన్నాను. ఏమాత్రం తడుముకోకుండా వచ్చింది.

పిల్ల తల పక్కకు వంచి కాసేపు విన్నది.

"ఈగ లేకుండె పెద్దమ్మా," అంది. "ఉంటే చప్పుడొస్తుండె."